మోగించే చేయి, మరమ్మతు చేసే చేయి



ఏ మాస్టారి పేరున ఈ ఉపన్యాసం ఏటా జరుగుతోందో, ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లలో నేనొకణ్ణి. ఆయన ఉలి చేతికిచ్చే ముందు రాయిని తట్టి వినమనేవారు. మన శిల్పశాస్త్ర సంప్రదాయం రాళ్లను నాదాన్ని బట్టి పురుష శిల, స్త్రీ శిల, నపుంసక శిల అని విడదీస్తుంది. ఖంగున మోగేది దేవుడి విగ్రహానికి, మెత్తగా పలికేది దేవి విగ్రహానికి, పలకనిది పీఠం కిందికి. మాస్టారికి ఆ పేర్లమీద పట్టింపు ఉండేది కాదు. లోపల బీట ఉన్న రాయి బొంగురుగా పలుకుతుందని, కంటికి చిక్కనిది చెవికి చిక్కుతుందని మాత్రం గట్టిగా నమ్మేవారు.

రాయిని ఎంచుకోవడానికి శిల్పి వేసే ఆ దెబ్బ, విగ్రహం పూర్తయ్యేసరికి ఎవరికీ గుర్తుండదు. ఆ దెబ్బనే శిల్పంగా మలిచి, సుత్తిని చూడవచ్చినవాడి చేతిలో పెట్టిన కళాకారులు గత శతాబ్దంలో కొందరున్నారు. వాళ్ల ధ్వని శిల్పాల గురించి, అవి తయారయ్యే తీరు గురించి, వాటిని జనం మధ్య నిలబెట్టడంలోని సాధకబాధకాల గురించి ఈరోజు మాట్లాడతాను.

నా వాదన ముందే చెప్పేస్తాను. పరాయి చెయ్యి పడితేగాని పలకని శిల్పం పని వర్క్‌షాపులో సగమే పూర్తవుతుంది. మిగతా సగం ప్రదర్శన సాగినన్నాళ్లూ సాగుతుంది. ఆ రెండో సగానికి మనిషినీ డబ్బునూ కేటాయించకపోతే మనం కొన్నది ఇనుప సామాను మాత్రమే.

మనకు తెలిసిన మూడు చోట్లు

గోల్కొండ కోటలో ఫతే దర్వాజా గుమ్మటం కింద ఎవరైనా చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరాన, కొండ మీది బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది. శత్రువు రాకను పైకి చెప్పడానికి ఆ ఏర్పాటు అంటారు. ఈనాడు అక్కడికి వెళ్లిన ప్రతివాడూ చప్పట్లు కొట్టి చూస్తాడు. ఆ చప్పట్లతో గుమ్మటానికి వచ్చే నష్టమేమీ లేదు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో సంగీత గడియారం సంగతి వేరు. గంట కావస్తుండగా జనం దాని ముందు చేరతారు, గడ్డమున్న చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టి వెళ్లిపోతుంది, జనం కదులుతారు. అక్కడ మోగించేది యంత్రం, మనం ప్రేక్షకులం. అందుకే అది ఇన్నేళ్లుగా భద్రంగా ఉంది.

మూడోది హంపీ విఠ్ఠలాలయం. మహామంటపంలోని సంగీత స్తంభాలను తడితే ఒక్కొక్కటి ఒక్కో శ్రుతిలో పలుకుతుంది. లోపల బోలుగా ఉంటాయని చాలాకాలం చెప్పుకున్నారు. కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధనా కేంద్రం శాస్త్రవేత్తలు వాటిని పరీక్షించి, స్తంభాలు గట్టి రాయేనని, తట్టినప్పుడు అవి వంగి లేచే కంపనం నుంచే ఆ నాదం వస్తోందని తేల్చారు. తరతరాలు వాటిని తట్టారు, కొందరు రాళ్లతోనే కొట్టారు. రాయి అరిగింది, చిట్లింది. ఇప్పుడు ముట్టుకోనివ్వరు. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేం. స్తంభాల మీది చెక్కడం ఎలాగూ కళ్లకు మిగిలే ఉంది, కనుక మూగబోయినా అది శిల్పంగానే నిలుస్తుంది. కానీ మోగడమే సర్వస్వమైన శిల్పానికి ఆ సౌకర్యం లేదు. మోగించనిస్తే అరుగుతుంది, మోగించనివ్వకపోతే దానికి ఉనికే లేదు. ఈ చిక్కుముడిని నేరుగా పట్టుకున్నవాళ్లు ఫ్రాన్సుకు చెందిన ఇద్దరు అన్నదమ్ములు.

బాషే సోదరులు

అన్న బెర్నార్ బాషే 1917లో, తమ్ముడు ఫ్రాన్స్వా 1920లో పుట్టారు. అన్న ఇంజనీరు, తమ్ముడు శిల్పి. ఫ్రాన్స్వా దేశాలు తిరిగేటప్పుడు గిటారు మోయడం బరువై, గాలి ఊదితే ఉబ్బే గిటారు ఒకటి తయారుచేసుకున్నాడు. ఆ సరదా పని నుంచే అసలు ప్రశ్న పుట్టింది. వాయిద్యం పలకడానికి నిజంగా ఏమేం కావాలి?

అన్నదమ్ములిద్దరూ పాత వాయిద్యాలను పరిశీలించి, ఏ వాయిద్యంలోనైనా నాలుగు పనులు జరుగుతాయని తేల్చుకున్నారు. కంపించేది ఒకటుండాలి. దాన్ని కదిలించే శక్తి ఉండాలి. శ్రుతులను మార్చే ఏర్పాటు ఉండాలి. ఆ కంపనాన్ని గాలిలోకి పెద్దదిగా చేసి పంపేది ఉండాలి. మన వీణలో తీగ, మీటే వేలు, మెట్లు, కుండ వరుసగా ఆ నాలుగు పనులూ చేస్తాయి. ఈ నాలుగింటినీ విడివిడిగా మార్చి కొత్తగా కలపవచ్చని గ్రహించడమే వాళ్ల ఆవిష్కరణ.

1952లో వాళ్లు చేసిన క్రిస్టల్ బాషేలో వరుసగా గాజు కడ్డీలు ఉంటాయి. తడి వేళ్లతో వాటిని రాస్తే కంపనం పుట్టి లోహపు కడ్డీలోకి వెళుతుంది. ఆ లోహపు కడ్డీ పొడవు, బరువు శ్రుతిని నిర్ణయిస్తాయి. అక్కడినుంచి నాదం బరువైన లోహపు దిమ్మలోకి, దిమ్మ నుంచి పెద్ద ఉక్కు రేకులోకీ ఫైబర్‌గ్లాస్ శంకువుల్లోకీ చేరి గదిని నింపుతుంది. ఎక్కడా కరెంటు లేదు. మడిచిన ఆ రేకులే చూపుకు శిల్పం, వినికిడికి స్పీకరు. అందం కోసం ఒకటి, శబ్దం కోసం ఒకటి అని వాళ్లు విడిగా చేయలేదు.

1965లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ఈ నిర్మాణాలతో ప్రత్యేక ప్రదర్శన పెట్టింది. సంగీతం రానివాడు కూడా వచ్చి వాయించాలన్నది సోదరుల పట్టుదల. బెర్నార్ తర్వాతి కాలంలో పిల్లల కోసం, వైకల్యం ఉన్నవాళ్ల కోసం వాయిద్యాల సమితి ఒకటి రూపొందించడంలో మునిగిపోయాడు. తప్పు స్వరమంటూ లేకుండా, చెయ్యి ఎక్కడ పడ్డా పలికేలా దాన్ని మలిచాడు. ధ్వని శిల్పం చేసేవాళ్లందరూ ఇక్కడ ఆగి ఆలోచించాలి. సంగీత విద్వాంసుడికి వాయిద్యం చేస్తున్నప్పుడు అతని చేయి ఎలా కదులుతుందో మనకు తెలుసు. ధ్వని శిల్పం దగ్గరికి వచ్చే చేయి ఎవరిదో తెలియదు. అది నాలుగేళ్ల పిల్లదీ కావచ్చు, చేతికర్ర ఉన్న పెద్దాయనదీ కావచ్చు. తెలియని చేతికి సరిపోయేలా చేయడమే ఈ కళలో అసలు రూపకల్పన.

కడ్డీ లెక్క

తయారీ గురించి కొంచెం లోతుగా చెప్పాలంటే హ్యారీ బెర్టోయాను తలచుకోవాలి. ఇటలీలో 1915లో పుట్టి, కుర్రతనంలో అమెరికా వెళ్లాడు. తీగలతో అల్లిన డైమండ్ కుర్చీతో పేరు తెచ్చుకున్నాడు. 1960 ప్రాంతంలో తీగ ఒకటి మరో తీగకు తగిలి పుట్టిన నాదం ఆయన్ని పట్టుకుంది. తర్వాతి పద్దెనిమిదేళ్లూ ఇత్తడి పలకల మీద సన్నని లోహపు కడ్డీలను గుంపులుగా నిలబెట్టి మోగించాడు. వాటిలో బెరీలియం కలిసిన రాగివే ఎక్కువ. పెన్సిల్వేనియాలో తన పొలం దగ్గరి పాత కొట్టాన్ని వాటికోసమే సిద్ధం చేసి, అక్కడే రికార్డు చేసి పదకొండు గ్రామఫోను రికార్డులు తెచ్చాడు.

ఒక చివర బిగించి నిలబెట్టిన కడ్డీ తీగలా ప్రవర్తించదు. వీణ తీగను సగానికి నొక్కితే పౌనఃపున్యం రెట్టింపై ఒక స్థాయి పైకి వెళుతుంది. కడ్డీని సగానికి కోస్తే పౌనఃపున్యం నాలుగు రెట్లయి రెండు స్థాయిలు పైకి లేస్తుంది. ఒక్క స్థాయి పైకి కావాలంటే పొడవును 71 శాతం దగ్గర ఆపాలి. తీగ లావైతే శ్రుతి దిగుతుంది, కడ్డీ లావైతే శ్రుతి పెరుగుతుంది. ఇక తీగ ఉపస్వరాలు 2, 3, 4 రెట్లుగా పద్ధతిగా పేరుకుంటాయి కనుక చెవికి ఒకే స్వరంగా వినిపిస్తాయి. కడ్డీలో రెండో కంపనం మొదటిదానికి సుమారు 6.27 రెట్లు, మూడోది 17.5 రెట్లు. ఏ స్వరానికీ అమరని ఈ నిష్పత్తుల వల్లనే ఆ గంటలాంటి మెరుపు వస్తుంది. ఇందుకే కడ్డీల శిల్పంతో రాగం పలికించబోతే నిరాశే మిగులుతుంది. గుంపుగా కదిలించి అలలా విడిచిపెడితే నిండుగా పలుకుతుంది. విద్యార్థులు కడ్డీ కోసే ముందు ఈ లెక్క వేసుకుంటే చాలా లోహం మిగులుతుంది.

ఒక హెచ్చరిక. బెరీలియం కలిసిన లోహాన్ని కోసేటప్పుడు, అరగదీసేటప్పుడు లేచే పొడి ఊపిరితిత్తులకు విషం. కళాశాల వర్క్‌షాపులో ఆ లోహం జోలికి పోవద్దు. స్ప్రింగు ఉక్కు, ఇత్తడి, కంచు చాలు. మంచి రేకు పని కావాలంటే జనగామ జిల్లా పెంబర్తిలో ఇత్తడి రేకును మలిచే కళాకారులున్నారు. నాదాన్ని వెదజల్లే రేకుకు ఎక్కడ మడత పెట్టాలో వాళ్ల సుత్తిని అడిగి తెలుసుకోవచ్చు.

నీడతో మోగేవి, మౌనంతో మోగేవి

తాకే పనిలేకుండా స్పందించే శిల్పాలు మరో శాఖ. జర్మనీలో ఫ్రైబుర్గ్‌కు చెందిన పీటర్ వోగెల్ భౌతికశాస్త్రం చదివి, కొన్నేళ్లు బాసెల్‌లో మెదడు పరిశోధనలో పనిచేశాడు. రెసిస్టరు, ట్రాన్సిస్టరు, చిన్న స్పీకరు అన్నిటినీ పెట్టెలో దాచకుండా తీగలకు టంకం వేసి నిలువుగా గోడలా కట్టాడు. కాంతిని పసిగట్టే భాగాల మీద మనిషి నీడ పడితే ఆ గోడ పలుకుతుంది. నడిచి వెళితే ఒకలా, చెయ్యి ఊపితే ఒకలా. ఏ భాగం ఏంచేస్తోందో కళ్లెదుటే ఉంటుంది. పాడైతే ఏది పాడైందో వెతకడానికి విప్పాల్సిన మూతలు లేవు. దాన్ని నేను శైలిగా మాత్రమే చూడను. తన తర్వాత ఆ వస్తువును బాగుచేయబోయే మనిషి పట్ల చూపిన మర్యాదగా చూస్తాను.

నెదర్లాండ్స్‌కు చెందిన ఫెలిక్స్ హెస్ బూమరాంగ్ ఎగిరే తీరు మీద డాక్టరేట్ చేసినవాడు. ఆస్ట్రేలియాలో కప్పల బెకబెకలు విని, మైక్రోఫోను, స్పీకరు ఉన్న చిన్న ధ్వని జీవులను తయారుచేశాడు. తోటి జీవి పిలుపు వింటే వాటికి ఉత్సాహం పెరుగుతుంది, మరే చప్పుడు విన్నా జంకు పెరుగుతుంది. చూడవచ్చినవాడు మాట్లాడితే అన్నీ నోరు మూసుకుంటాయి. కదలకుండా నిలబడితే ఒకటి పలుకుతుంది, తర్వాత పక్కనున్నది, క్రమంగా గదంతా. సందర్శకుడి పాత్ర అంటే మీట నొక్కడమే అనుకునేవాళ్లకు ఇది మంచి సమాధానం. ఓపిక పట్టడం కూడా శిల్పంతో వ్యవహరించడమే.

సెన్సర్లతో పనిచేసే నేటి విద్యార్థులకు రెండు మాటలు. చెయ్యి పడిన క్షణానికీ నాదం వచ్చిన క్షణానికీ నడుమ ఎడం పెరిగితే, మోగించింది తానేనన్న నమ్మకం సందర్శకుడికి కలగదు. ఎన్ని ప్రభావాలు చేర్చినా ఆ నమ్మకాన్ని తిరిగి తేలేరు. రెండోది, స్పర్శను పసిగట్టే సర్క్యూట్లు గాలిలో తేమకు లోబడతాయి. వేసవిలో ఏసీ గదిలో సరిచేసిన శిల్పం వానాకాలం విశాఖలో ఎవరూ తాకకుండానే మోగవచ్చు, తాకినా ఊరుకోవచ్చు. ఎక్కడ నిలబెడతారో అక్కడే సరిచేయాలి.

తలుపులు తెరిచాక

ప్రదర్శన మొదలైన రోజు ఏం జరుగుతుందో నా అనుభవం ఒకటి చెబుతాను. కడ్డీలతో చేసిన నా శిల్పాన్ని ఒక నగరంలోని ప్రదర్శనశాలలో నిలబెట్టాం. మధ్యాహ్నానికి వెళ్లి చూస్తే దాని పక్కన "తాకరాదు" బోర్డు ఉంది. కాపలా మనిషి అలవాటుకొద్దీ తెచ్చి పెట్టాడు. అతని ఉద్యోగమే అది, కాదనడానికి నేనెవర్ని? ఇద్దరం కూర్చుని టీ తాగుతూ మాట్లాడుకున్నాం. అడుగున నట్లు ఎలా ఉంటాయో, ఏది వదులైతే ఎలాంటి జీర వస్తుందో చూపించాను. వారం తిరక్కుండా ఆయన జేబులో స్పానరు చేరింది. జంకుతూ నిలబడే పెద్దవాళ్లకు ముందు తానే మోగించి చూపేవాడు, కడ్డీలను మెలిపెట్టబోయే కుర్రాళ్లను మాటలతోనే ఆపేవాడు. ఆ ప్రదర్శనకు ప్రధాన కళాకారుడు ఆయనే అని నేను ఎక్కడైనా చెబుతాను.

ఇలాంటి శిల్పాన్ని నిలబెట్టేవాళ్లు గోడ రంగు కంటే ముందు ఆలోచించాల్సిన సంగతులున్నాయి. గ్రానైటు నేల, అద్దాల గోడలు ఉన్న హాలులో నాదం చాలాసేపు తిరుగుతుంది, ఒక దెబ్బ మీద మరో దెబ్బ పడి రొద అవుతుంది. పక్క గదిలోని చిత్రకారుడు దాన్ని రోజంతా భరించాలి. సందర్శకుడు పది నిమిషాలు ఉండి వెళతాడు, కాపలా మనిషి ఎనిమిది గంటలు ఉంటాడు. ఎనిమిది గంటలు వినేవాడికి 85 డెసిబెళ్లు దాటకూడదన్నది పని స్థలాలకు నిపుణులు సూచించే హద్దు. ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకూ సురక్షితమైన సమయం సగానికి తగ్గుతుంది. కాబట్టి శిల్పం ఎంత గట్టిగా మోగాలో కాపలా మనిషి కుర్చీ దగ్గర నిలబడి కొలవాలి. సుత్తులు మాయమవుతాయి, తాడుతో కట్టండి. తాడు తెగుతుంది, మరో తాడు సిద్ధంగా ఉంచండి. చక్రాల కుర్చీలో వచ్చినవారికి అందేలా ఒక వరుస కిందికి ఉండాలి. చెవులు వినపడనివారు అరచేయి ఆన్చి కంపనాన్ని అందుకునే చోటు ఉండాలి. బాషే రేకులాంటి పెద్ద పలక ఉంటే అది సులువుగా అమరుతుంది.

1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ ప్రారంభించిన ఎక్స్‌ప్లొరేటోరియంలో వస్తువులన్నీ ముట్టుకోవడానికే. ముట్టుకుంటే విరుగుతాయని ఆయనకు తెలుసు. అందుకే వర్క్‌షాపును వెనక గదిలో దాచకుండా, లేతు, వెల్డింగు సందర్శకులకు కనబడేలా ఉంచాడు. విరగడాన్ని సంస్థ తన రోజువారీ పనిలో కలుపుకుంది.  

ఒసాకాలో జరిగింది

నా వాదనకు గట్టి సాక్ష్యం జపాన్‌లో ఉంది. 1970 ఒసాకా ప్రపంచ ప్రదర్శనలో కునియో మయెకావా రూపొందించిన ఉక్కు మంటపానికి సంగీత బాధ్యత తొరు తకెమిట్సుది. ఆయన ఫ్రాన్స్వా బాషేను పిలిపించాడు. ఫ్రాన్స్వా జపాన్ పనివాళ్లతో, ఇంజనీర్లతో కలిసి 17 ధ్వని శిల్పాలు చేశాడు. వాటికి తన పేరు పెట్టుకోలేదు. తనతో పనిచేసిన జపాన్ సహాయకుల పేర్లు పెట్టాడు. ఇకెడా ఫోన్, తకాగి ఫోన్, కవకామి ఫోన్ అలా వచ్చిన పేర్లే. తకెమిట్సు ఆ శిల్పాలను దృష్టిలో పెట్టుకుని కొత్త కృతి రాశాడు.

సెప్టెంబరులో ప్రదర్శన ముగిసింది. శిల్పాలను విప్పి గోదాములో పెట్టారు.  అక్కడే ఉండిపోయాయి, నలభై ఏళ్లు మూగగా. ఆ మంటపం 2010లో స్మారక మ్యూజియంగా తెరుచుకున్నప్పుడు మొదటి శిల్పాన్ని తిరిగి నిలబెట్టారు. తర్వాత క్యోటో, టోక్యో కళా విశ్వవిద్యాలయాల్లో మరికొన్నిటి పని జరిగింది. బార్సిలోనా విశ్వవిద్యాలయంలో బాషే పద్ధతిని అధ్యయనం చేస్తున్న మార్తీ రుయిజ్ వచ్చి చేయి వేశాడు. ఏ కడ్డీ ఏ దిమ్మలోదో పాత ఫొటోలనూ కాగితాలనూ ముందు పెట్టుకుని తేల్చుకోవాల్సి వచ్చింది. పదిహేడూ ఇంకా లేచి నిలబడలేదు.

ఫ్రాన్స్వా 2014లో, బెర్నార్ 2015లో కన్నుమూశారు. వాళ్ల తర్వాత కూడా పని కొనసాగుతోందంటే, చేసే పద్ధతిని వాళ్లు దాచుకోలేదు కనుక. బెర్టోయా సంగతి వేరు. ఆయన 1978లో ఊపిరితిత్తుల కేన్సరుతో పోయాడు, కొట్టంలోని శిల్పాలు కాలక్రమంలో వేర్వేరు చోట్లకు చేరాయి. ఒక్కొక్కటి ఇప్పటికీ అందంగా పలుకుతుంది. ఆ కొట్టం చెక్కగోడల మధ్య అన్నీ కలిసి పలికిన తీరు రికార్డుల్లో మిగిలింది.

మన దగ్గర

సంగీతంలో మనకు ఈ మరమ్మతు జ్ఞానం లేకపోలేదు. వీణ మెట్లను మైనంలో నిలబెడతారు. ఎండలకు, వాడకానికి మైనం కదిలి మెట్లు తప్పుతాయి. అప్పుడు మేళం కట్టేవాడి దగ్గరికి తీసుకెళతారు. బొబ్బిలిలోనో నూజివీడులోనో చేసిన వీణ జీవితకాలంలో మళ్లీమళ్లీ మేళం కట్టించుకుంటుంది. దానిని లోపంగా ఎవరూ భావించరు, మేళం బాగా కట్టేవాడి పేరు విద్వాంసులందరికీ తెలుసు. అదే మనం పార్కులో ఒక శిల్పం పెట్టినప్పుడు ఆవిష్కరణ ఫలకం మీద శిల్పి పేరూ ముఖ్య అతిథి పేరూ చెక్కి, మరుసటి రోజు నుంచి దాన్ని వానకీ ఎండకీ వదిలేస్తాం. రాతి విగ్రహం కాబట్టి ఓర్చుకుంటుంది. మోగే శిల్పం ఓర్చుకోదు.

అందుకే నా ప్రతిపాదనలు పెద్దవేమీ కావు. ధ్వని శిల్పం చేయించే ఏ సంస్థ అయినా ఒప్పందంలోనే నిర్వహణ ఖర్చును ఏటేటా విడిగా రాయాలి. శిల్పి తన శిల్పంతోపాటు విడిభాగాలు, కొలతలున్న పటం, మంచి స్థితిలో అది ఎలా మోగిందో ఒక రికార్డింగు అప్పగించాలి. నలభై ఏళ్ల తర్వాత బాగుచేసేవాడికి శ్రుతి తెలియాలి కదా. చూసుకునే మనిషికి శిక్షణ ఇవ్వాలి, ఫలకం మీద శిల్పి పేరు పక్కన ఆ మనిషి పేరు ఉండాలి. ఒసాకాలో ఫ్రాన్స్వా చేసింది అలాంటిదే.

కళాశాలల వాళ్లకు మరొకటి. మన దగ్గర విద్యార్థుల ప్రదర్శన ప్రారంభం రోజున పరీక్షకులు వచ్చి మార్కులు వేసి వెళ్లిపోతారు. చేతితో మోగించే పనులకు మార్కులు ముగింపు రోజున వేయండి. మొదటి రోజు అన్నీ మోగుతాయి. జనం చేతుల్లోంచి బయటపడ్డాక ఏది మోగుతోందో, మోగనిదాన్ని విద్యార్థి ఎలా బాగుచేసుకున్నాడో చూసి అప్పుడు అంకె వెయ్యండి. ఈ ఒక్క మార్పుకు ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు. శాఖాధిపతి సంతకం ఉంటే వచ్చే ఏడాది నుంచే మొదలుపెట్టవచ్చు. ఈ సభలో అలా సంతకం పెట్టగలవాళ్లు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. మాస్టారి పేరున మిమ్మల్ని అడుగుతున్నాను.